తేలినీలాపురం పక్షుల పుట్టిల్లు ఎక్కడ?

మీ పెరటి చెట్టు మీద కాకి గూడు కడితే మీకేమీ వింతగా ఉండదు. కాని రెక్కలు చాపితే నులకమంచం పొడవును మించిపోయే పక్షి ఒకటి వచ్చి ఆ చెట్టు చిటారుకొమ్మన కూర్చుంటే? ఒకటి కాదు, చెట్టుకు పది, ఇరవై చొప్పున వచ్చి, పుల్లలు ఏరుకుని గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచుకుంటూ నెలల తరబడి మీ ఇంటి ఎదుటే కాపురం ఉంటే?

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురం గ్రామంలో ఏటా జరిగేది ఇదే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పెద్ద పెద్ద పక్షులు గుంపులుగా వచ్చి ఈ ఊరి చెట్ల మీద దిగుతాయి. ఎండలు ముదిరే వేళకు, పిల్లలతో సహా లేచిపోతాయి. వీటిలో ముఖ్యమైనవి రెండు జాతులు. ఒకటి పెలికాన్. దీన్ని మన పెద్దవాళ్ళు గూడబాతు అంటారు. రెండవది పెయింటెడ్ స్టార్క్, అంటే రంగులు అద్దినట్లుండే కొంగ.

“ఈ పక్షులు ఎక్కడినుంచి వస్తాయి?” అని ఎవరినైనా అడిగి చూడండి. “సైబీరియా నుంచి” అని వెంటనే జవాబు వస్తుంది. “వేల మైళ్ళు ఎగిరి వస్తాయి, విదేశీ పక్షులు” అని కూడా చెబుతారు. ఈ మాట ఎంతగా పాకిపోయిందంటే, ఎవరూ దాన్ని ప్రశ్నించరు.

విద్యార్థులారా, ఈసారి సంక్రాంతి సెలవుల్లో ఒక రోజు తేలినీలాపురం వెళ్ళి మనమే ప్రశ్నిద్దాం. వట్టి చేతులతో విహారయాత్రకు వెళ్ళినవాడు అలసిపోయి తిరిగివస్తాడు. ఒక ప్రశ్న పట్టుకుని వెళ్ళినవాడు జవాబుతో తిరిగివస్తాడు.

ప్రయాణానికి ముందు

శ్రీకాకుళం పట్టణం నుంచి తేలినీలాపురం సుమారు 65 కిలోమీటర్లు. జాతీయ రహదారి మీదుగా టెక్కలి చేరి, అక్కడినుంచి ఊరికి వెళ్ళవచ్చు. రైలులో వచ్చేవారికి హౌరా–చెన్నై మార్గంలోని నౌపడా జంక్షన్ దగ్గర. విజయనగరం, విశాఖపట్నం విద్యార్థులు తెల్లవారుజామునే బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరుకోవచ్చు. డిసెంబరు, జనవరి నెలలు మంచివి. అప్పుడు గూళ్ళలో పిల్లలు ఉంటాయి.

వెంట తీసుకువెళ్ళవలసినవి: ఒక నోటు పుస్తకం, రెండు పెన్సిళ్ళు, ఒక చేతిగడియారం, నలుగురికి కలిపి ఒక దుర్భిణి, మంచినీళ్ళు, తినడానికి పులిహోర పొట్లాలు. ఎర్ర చొక్కాలు, మెరిసే బట్టలు వద్దు. గడ్డి రంగు, మట్టి రంగు బట్టలైతే పక్షులు బెదరవు. దుర్భిణి దొరకకపోయినా పరవాలేదు. ఇవి చాలా పెద్ద పక్షులు. మామూలు కంటికే బాగా కనిపిస్తాయి.

ముందుగా గుర్తుపట్టండి

పెలికాన్ బూడిదరంగు కలిసిన తెల్లని పక్షి. కాళ్ళు పొట్టి, కాలివేళ్ళ మధ్య బాతుకు ఉన్నట్లు పలుచని చర్మం ఉంటుంది. ముక్కు చాలా పొడుగు. కింది ముక్కుకు సంచీలా ఒక తోలుతిత్తి వేలాడుతుంది. పై ముక్కు అంచు వెంట వరుసగా నల్లని చుక్కలు కనిపిస్తాయి. ప్రపంచంలో పెలికాన్లు ఎనిమిది జాతులు ఉన్నాయి. ఈ ‘చుక్కల ముక్కు’ పెలికాన్ వాటిలో ఒకటి. ముక్కు మీద చుక్కలున్న సంగతి మరచిపోకండి. మన ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు ఇది పనికివస్తుంది.

పెలికాన్ ముక్కు సంచీ చేపలను దాచుకునే గాదె అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది జాలరి వాడే వల లాంటిది. నీటిపై ఈదుతూ పెలికాన్ తల ముంచి, సంచీతో చేపను నీళ్ళతో సహా ఎత్తుతుంది. తర్వాత ముక్కు కిందికి వంచి నీళ్ళు వార్చేస్తుంది. మిగిలిన చేపను మింగేస్తుంది.

పెయింటెడ్ స్టార్క్ పొడుగు కాళ్ళ కొంగ. పసుపుపచ్చని ముక్కు చివర కొద్దిగా కిందికి వంగి ఉంటుంది. ముఖం మీద ఈకలు ఉండవు. నారింజ రంగు చర్మం కనిపిస్తుంది. రొమ్ముకు అడ్డంగా నల్లని పట్టీ, తోక దగ్గర గులాబిరంగు ఈకలు ఉంటాయి. ఎవరో కుంచెతో అద్దినట్లే ఉంటుంది.

ఈ కొంగ చేపను పట్టే తీరు వేరు. సగం తెరచిన ముక్కును నీళ్ళలో పెట్టి, కాళ్ళతో బురద కదుపుతూ నడుస్తుంది. చేప ముక్కుకు తగిలిందో లేదో, ముక్కు టక్కున మూసుకుంటుంది. దీని దగ్గరి చుట్టం ఒకటి అమెరికాలో ఉంది, పేరు వుడ్ స్టార్క్. 1960ల్లో శాస్త్రజ్ఞులు ఆ కొంగ కళ్ళకు తాత్కాలికంగా గంతలు కట్టి చూశారు. అయినా అది చేపలను పట్టింది! చేప తగిలిన తర్వాత ముక్కు మూసుకోవడానికి పట్టిన కాలం సెకనులో సుమారు నలభయ్యో వంతు. మనం కన్ను ఆర్పేలోగా ఆ పని చాలాసార్లు జరిగిపోతుంది. అందుకే బురదనీటిలో, ఏమీ కనిపించని చోట కూడా ఈ కొంగ ఆకలితో ఉండదు.

ఒకే చెట్టు మీద కాపురం ఉంటున్న ఈ రెండు జాతులూ చేపలే తింటాయి. కాని ఒకటి లోతు నీటిలో ఈదుతూ, రెండవది మోకాటిలోతు నీటిలో నడుస్తూ వేటాడుతుంది. కాబట్టి ఒకదాని కంచంలో మరొకటి పెద్దగా చెయ్యి పెట్టదు.

మొదటి పరిశీలన: గడియారం చూసి రాయండి

ఉదయం ఏడు గంటలకల్లా ఊరు చేరితే మంచిది. పరిశీలన కోసం కట్టిన గోపురం ఎక్కిగాని, దూరంగా ఒక చోట నిలబడిగాని చూడండి. మామూలు తెల్లకొంగలు, కాకులు తెల్లవారీ వారకముందే మేతకు బయలుదేరతాయి. మరి ఈ పెద్ద పక్షులు ఎప్పుడు బయలుదేరుతున్నాయి? అర్ధగంటకొకసారి లెక్కపెట్టి, ఎన్ని లేచాయో నోటు పుస్తకంలో రాయండి.

పొద్దు కాస్త ఎక్కాకనే, ఎండ చురుక్కుమన్నాకనే, ఎక్కువ పక్షులు దూరప్రయాణానికి లేవడం మీరు గమనిస్తారు. లేచిన పక్షి తిన్నగా పోదు. రెక్కలు ఆడించకుండా చాపి ఉంచి, ఒకే చోట సుడులు తిరుగుతూ పైకి పైకి పోతుంది. బాగా ఎత్తుకు వెళ్ళిన తర్వాత ఒక వైపుకు జారుకుంటూ పోతుంది. ఎందుకలా?

పొయ్యి మీది పొగ పైకే ఎందుకు పోతుందో మీరు పాఠంలో చదివారు. వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికవుతుంది. తేలికైనది పైకి లేస్తుంది. ఎండకు నేల అంతటా ఒకేలా వేడెక్కదు. దున్నిన పొలం, ఇసుక నేల త్వరగా కాగుతాయి. చెరువు, పచ్చని తోట నెమ్మదిగా కాగుతాయి. త్వరగా కాగిన చోట నుంచి వేడిగాలి కంటికి కనిపించని స్తంభంలా పైకి లేస్తుంది. పెలికాన్ బరువు నాలుగు నుంచి ఆరు కిలోలు. అంత బరువును రెక్కలు ఆడిస్తూ మోయడం ఎంతో శ్రమ. అందుకని అది ఆ వేడిగాలి స్తంభంలో చేరి, మెట్లు ఎక్కినట్లు చుట్లు తిరుగుతూ, సొంత శక్తి ఖర్చు లేకుండా పైకి పోతుంది. రెక్కలు చాపితే రెండున్నర మీటర్ల వెడల్పు ఉండడం ఇందుకే పనికివస్తుంది.

మబ్బు పట్టిన రోజున వెళ్ళినవారు, ఎండ కాసిన రోజున వెళ్ళినవారు తమ పట్టికలను పక్కపక్కన పెట్టి చూడండి. పక్షులు లేచిన వేళల్లో తేడా కనిపిస్తుందా? మీ భౌతికశాస్త్ర పాఠం ఆకాశంలో ఎగురుతూ కనిపిస్తుంది.

రెండవ పరిశీలన: గూడు

ఇప్పుడు దుర్భిణిని గూళ్ళ వైపు తిప్పండి. పుల్లలతో పేర్చిన తట్టల లాంటి గూళ్ళు. ఒక్కొక్క చెట్టు మీద అనేకం ఉంటాయి. పెలికాన్ సాధారణంగా మూడు, నాలుగు గుడ్లు పెడుతుంది. దాదాపు నెల రోజులు పొదుగుతుంది. పుట్టిన పిల్లకు ఈకలు ఉండవు, కళ్ళు సరిగా విడవవు. అది సొంతంగా ఎగిరి మేత తెచ్చుకునేందుకు మరికొన్ని నెలలు పడుతుంది. అందాకా తల్లీ తండ్రీ వంతులవారీగా మేత తెస్తాయి. పిల్ల తన తలంతా పెద్దపక్షి నోటిలో దూర్చి, కక్కిన చేపను అందుకుంటుంది. మొదటిసారి చూసినవారికి ‘పిల్లను మింగేస్తోందా ఏమిటి!’ అనిపిస్తుంది.

మధ్యాహ్నం పూట మరొక దృశ్యం గమనించండి. పెయింటెడ్ స్టార్క్ ఎండకు అడ్డుగా నిలబడి రెక్కలు సగం విప్పుతుంది. ఆ నీడలో పిల్లలు ముడుచుకుని కూర్చుంటాయి. పొద్దు వాలుతున్నకొద్దీ పెద్దపక్షి నిలబడే వైపు మారుతుంది. పది నిమిషాలకొకసారి దాని ముఖం ఏ దిక్కుకు ఉందో రాసుకోండి. మీరు ఒక సజీవమైన ఎండగడియారాన్ని చూస్తున్నారన్నమాట.

గూళ్ళు లెక్కపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఒకే చోట నిలబడి, చెట్టును మనసులో నాలుగు భాగాలు చేసుకుని, భాగానికొకసారి లెక్కించండి. ముగ్గురు విడివిడిగా లెక్కించి సగటు తీయండి. ఒకరికి 23, మరొకరికి 26, ఇంకొకరికి 25 వచ్చాయనుకోండి. సగటు దాదాపు 25. ‘చాలా గూళ్ళు’ అనే మాటకు శాస్త్రంలో విలువ లేదు; ‘25 గూళ్ళు, జనవరి 14, ఉదయం 8 గంటలు’ అనే మాటకు విలువ ఉంది. వచ్చే ఏడాది మళ్ళీ అదే చెట్టును లెక్కపెడితే ఆ విలువ రెట్టింపు అవుతుంది.

ఇప్పుడు మన ప్రశ్న

సైబీరియా నుంచి మన దేశానికి వచ్చే పక్షులు లేకపోలేదు. ఉత్తరాన చలికాలం వస్తే చెరువులు గడ్డకడతాయి, మేత దొరకదు. అప్పుడు సూదితోక బాతు వంటివి, బురదలో ఏరుకుతినే అనేక ఉల్లంకి జాతులు దక్షిణానికి వస్తాయి. పక్కనే ఉన్న ఒడిశాలోని చిలికా సరస్సుకు ఇవి పెద్దసంఖ్యలో చేరుతాయి. నౌపడా దగ్గరి ఉప్పు మడులు, చిత్తడి నేలల్లో కూడా ఇలాంటి అతిథులు కనిపిస్తాయి.

అవి సైబీరియా నుంచి వచ్చాయని ఎలా తెలిసింది? ఊహించి చెప్పలేదు. డెన్మార్క్ దేశంలో మోర్టెన్సెన్ అనే బడి ఉపాధ్యాయుడు 1899లో ఒక చక్కని ఉపాయం ఆచరణలో పెట్టాడు. గోరింక జాతి పక్షులను పట్టి, కాలికి అల్యూమినియం ఉంగరం తొడిగి వదిలిపెట్టాడు. ప్రతి ఉంగరం మీద ఒక సంఖ్య ఉంది. ఎక్కడో ఎవరికో ఆ పక్షి దొరికితే, సంఖ్యను బట్టి అది ఎక్కడిదో తెలుస్తుంది. తర్వాత ప్రపంచమంతా ఈ పద్ధతి పాకింది. మన దేశంలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారు ఈ పని చేపట్టారు. ఇక్కడ ఉంగరాలు తొడిగిన బాతులు అక్కడ సైబీరియాలో దొరికాయి. అప్పుడు కాని ఆ మాట రుజువు కాలేదు.

ఆ ఉత్తరాది పక్షులలో ఒక లక్షణం గమనించండి. అవి ఇక్కడ గూడు కట్టవు. చలికాలమంతా తిని, బలిసి, వేసవికి ముందు ఉత్తరానికి తిరిగిపోతాయి. అక్కడ పగళ్ళు పొడుగ్గా ఉండి, పురుగులు విస్తారంగా దొరికే రోజుల్లో గుడ్లు పెడతాయి. ఇక్కడికి వచ్చింది మేత కోసం మాత్రమే.

మరి తేలినీలాపురం పక్షులు? మీ నోటు పుస్తకం తెరవండి. గూళ్ళు, గుడ్లు, పిల్లలు, మేత తినిపించడం – అన్నీ ఇక్కడే రాసుకున్నారు. అంటే ఇవి పుట్టేది ఇక్కడే. చుక్కల ముక్కు పెలికాన్ దక్షిణ ఆసియా, ఆగ్నేయ ఆసియా పక్షి. మన దేశం, శ్రీలంక, కంబోడియా వంటి చోట్ల తప్ప మరెక్కడా గూళ్ళు కట్టదు. పెయింటెడ్ స్టార్క్ కూడా అంతే. సైబీరియాలో ఈ రెండింటికీ ఇల్లూ లేదు, వాకిలీ లేదు. పిల్లలు పెద్దవయ్యాక ఇవి మన దేశంలోని చెరువులు, సరస్సులు, నదీముఖాల వెంట మేత ఉన్న చోటికల్లా చెదిరిపోతాయి. గూటి కాలం రాగానే తిరిగి వస్తాయి. దీన్ని స్థానిక వలస అంటారు.

అయితే ‘విదేశీ పెలికాన్’ అన్న మాట ఎలా పుట్టి ఉంటుంది? పెలికాన్లలోనే మరి రెండు జాతులు – తెల్ల పెలికాన్, డాల్మేషియన్ పెలికాన్ – చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి మన దేశానికి వస్తాయి. వాటి ముక్కు మీద ఈ చుక్కల వరుస ఉండదు. చుక్కలు చూడకుండా ‘పెలికాన్’ అన్న పేరు ఒక్కటే పట్టుకుంటే పొరపాటు జరగక ఏమవుతుంది!

తేలుకుంచి చెప్పే మరో పాఠం

ఇదే జిల్లాలో, ఒడిశా సరిహద్దున, ఇచ్ఛాపురం మండలంలో తేలుకుంచి అనే ఊరు ఉంది. అక్కడ కూడా పక్షులు ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. కాని అవి వచ్చేది శీతకాలానికి ముందు కాదు, తొలకరి వానలతో. అవి ఓపెన్‌బిల్ అనే కొంగలు. ఈ కొంగ ముక్కు మూసుకున్నా, పై ముక్కుకూ కింది ముక్కుకూ నడుమ ఒక సందు మిగిలిపోతుంది. అందుకే దానికి ఆ పేరు. దాని ముఖ్యమైన ఆహారం నత్తలు.

ఒక జిల్లాలో, ఒకే రకమైన చెట్ల మీద గూళ్ళు కట్టే పక్షులు వేరువేరు నెలల్లో ఎందుకు వస్తున్నాయి? పిల్లలకు ఏం పెట్టాలో దాన్నిబట్టి. వానలు పడి వరిమడులు నిండితే నత్తలు విస్తారంగా బయటికి వస్తాయి. కాబట్టి నత్తలు తినే కొంగ వానలతో వస్తుంది. చేపల సంగతి వేరు. వానాకాలంలో చెరువుల్లో చేపపిల్లలు పెరుగుతాయి. వానలు వెనుకపట్టాక నీరు క్రమంగా తగ్గి, చేపలన్నీ కొద్ది నీటిలో చేరతాయి. పట్టడం తేలిక. ఆ సమయానికి గూళ్ళలో పిల్లలు ఆకలితో ఎదురుచూస్తూ ఉండాలి. చేపలు తినే పక్షులు వానాకాలం చివర వచ్చి గూళ్ళు కట్టడంలో రహస్యం ఇదే. వాటి పంచాంగం ఆకాశంలో లేదు, చెరువులో ఉంది.

ఓపెన్‌బిల్ ముక్కు సందు గురించి ఒక ముచ్చట. జూలియన్ హక్స్‌లీ ప్రసిద్ధుడైన జీవశాస్త్రజ్ఞుడు. ప్రదర్శనశాలల్లోని ముక్కులను, పుస్తకాలను పరిశీలించి, 1960లో ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు: ఈ ముక్కు అడకత్తెర లాంటిది, నత్తగుల్లను నొక్కి పగలగొడుతుంది అని. కాని తర్వాత బతికిన కొంగలను దగ్గరగా పరిశీలించినవారు వేరే సంగతి చూశారు. కొంగ గుల్లను పగలగొట్టడం లేదు. ముక్కు కొనను గుల్ల లోపలికి దూర్చి, నత్త కండను కోసి, మెత్తని భాగాన్ని లాగేస్తోంది. గొప్ప శాస్త్రజ్ఞుని మాటనైనా చివరకు తీర్పు చెప్పేది పక్షే. సైబీరియా మాటకూ ఇదే వర్తిస్తుంది.

ఎవరి పక్షులైతే ఏమిటి?

‘ఎక్కడివైతే ఏమిటి, చూడడానికి బాగున్నాయి కదా’ అని మీలో కొందరు అనవచ్చు. కాని ఈ తేడా చాలా పెద్దది.

సైబీరియా బాతుకు ఇక్కడి చెరువు ఒకటి ఎండిపోతే పక్క చెరువుకు పోతుంది. దాని గూడు, దాని సంతానం క్షేమంగా ఉత్తరాన ఉన్నాయి. కాని చుక్కల ముక్కు పెలికాన్‌కు ఇక్కడి చెట్టు పోతే గూడు పోయినట్లే. ఇక్కడి నీరు చెడితే సంతానం పోయినట్లే. దానికి మరో దేశం లేదు.

చరిత్రలో ఇలాంటివి జరిగాయి. బర్మాలో సిట్టాంగ్ నది మైదానంలో ఈ జాతి పెలికాన్లు లెక్కకు అందనంతగా గూళ్ళు కట్టడం 1877లో ఓట్స్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు చూశాడు. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేలోగా ఆ గూళ్ళన్నీ మాయమయ్యాయి. మన రాష్ట్రంలో కొల్లేరు ప్రాంతంలోని ఆరేడు దగ్గర పెద్ద పెలికాన్ స్థావరం ఉన్నట్లు 1946లో నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు కనుగొన్నాడు. తరువాతి దశాబ్దాలలో అదీ ఖాళీ అయిపోయింది. చాలాకాలానికి కొల్లేరులోనే ఆటపాక వద్ద పెలికాన్లు తిరిగి గూళ్ళు కట్టాయి. చెట్లు చాలక, అక్కడ ఇనుప మంచెలు నిలబెట్టవలసి వచ్చింది.

తేలినీలాపురానికి కూడా కష్టకాలాలు వచ్చాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలోని కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. టెక్కలి ప్రాంతమూ ఆ గాలి బారిన పడింది. అది సరిగ్గా పక్షులు గూళ్ళు కట్టుకునే నెల!

2021 డిసెంబరులో మరో ఆపద. గూటి కాలం నడుమ పెద్ద పెలికాన్లు ఒకటొకటిగా చనిపోసాగాయి. కొద్ది వారాలలోనే ఆ సంఖ్య వంద దాటింది. పశువైద్యులు చనిపోయిన పక్షులను కోసి చూస్తే లోపల నెమటోడులనే గుండ్రటి పురుగులు కనిపించాయి. మీ బడిలో నులిపురుగులకు మాత్ర ఇస్తారు కదా, ఆ పురుగుల జాతి చుట్టాలే ఇవి.

చేపలు తినే పక్షులలోకి ఇలాంటి పురుగులు చేరే దారి చూడండి. పక్షి రెట్టతోపాటు పురుగు గుడ్లు నీటిలో పడతాయి. గుడ్ల నుంచి వచ్చిన పిల్లపురుగులను నీటిలోని చిన్నచిన్న ప్రాణులు మింగుతాయి. వాటిని చేప తింటుంది. చేపను పక్షి తింటుంది. పక్షి కడుపులో పురుగు పెరిగి మళ్ళీ గుడ్లు పెడుతుంది. చక్రం ఒకటి పూర్తయింది. కొద్ది పురుగులు ఉంటే పక్షి తట్టుకుంటుంది. మేత దొరికే నీళ్ళు తగ్గి, పక్షులన్నీ అవే కొద్ది చెరువులకు పోవలసి వస్తే, అదే నీటిలో రెట్ట, అదే నీటిలో వేట. ఇలాంటి చక్రం జోరుగా తిరగడానికి అంతకంటే వీలు ఏముంటుంది? తల్లీ తండ్రీ ఇద్దరూ కష్టపడితే కాని పిల్ల బతకదని గూడు దగ్గర చూశాం. కాబట్టి గూటి కాలంలో ఒక పెద్దపక్షి చనిపోతే లెక్క ఒకటితో ఆగదు.

ఇక్కడ ఒక చిన్న ఊహాలెక్క చేద్దాం. వంద గూళ్ళు ఉన్నాయనుకోండి. గూటికి రెండు పెద్దపక్షులు, రెండు పిల్లలు. పెద్దపక్షికి రోజుకు కిలో, పిల్లకు సగటున అరకిలో చేపలు కావాలనుకుందాం. గూటికి మూడు కిలోలు. వంద గూళ్ళకు 300 కిలోలు. నాలుగు నెలలకు, అంటే 120 రోజులకు, 36,000 కిలోలు! ఇంత చేప ఊరి చెట్టు మీద కాయదు. చుట్టుపక్కల చెరువులు, నౌపడా వైపు చిత్తడి నేలలు, ఉప్పుటేరులు ఇవ్వాలి. చెట్టు చుట్టూ కంచె వేసి పక్షిని కాపాడామనుకుంటే చాలదు. అది ఎగిరివెళ్ళే నీళ్ళన్నీ దాని ఇంటిలో భాగమే.

మనం పాటించవలసినవి

గూళ్ళ కిందికి వెళ్ళకండి. బెదరిన పక్షి లేస్తే గుడ్లు దొర్లిపడతాయి. కాకులు, గద్దలు కాచుకుని ఉంటాయి. కేకలు, ఈలలు, పాటల పెట్టెలు వద్దు. కిందపడిన పిల్లను తాకకుండా అటవీశాఖ సిబ్బందికి చెప్పండి. చనిపోయిన పక్షిని ముట్టుకోవద్దు. తెచ్చిన పొట్లాల కాగితాలు, సీసాలు తిరిగి మీ సంచిలోకే చేరాలి.

ఊరివారితో మర్యాదగా మాట్లాడండి. రెట్ట వాసన, రాత్రింబవళ్ళు గోల – నెలల తరబడి భరించేది వారే. తమిళనాడులో వేట్టంగుడి అనే పక్షుల స్థావరం ఉంది. అక్కడి గ్రామాలవారు పక్షులు బెదరకూడదని దీపావళికి టపాకాయలు కాల్చడమే మానుకున్నారు. తేలినీలాపురంలో కూడా దీపావళి వచ్చేది పక్షులు గూడు కట్టే రోజుల్లోనే అని గుర్తుంచుకోండి. ఊరి పెద్దలను, “మీ చిన్నప్పుడు ఏ చెట్ల మీద దిగేవి? ఏ నెలలో వచ్చేవి?” అని అడిగి రాసుకోండి. వారి జ్ఞాపకాలు ఏ పుస్తకంలోనూ దొరకవు.

మన ఇళ్ళలో ఆడపిల్ల పురిటికి ఎక్కడికి వస్తుంది? పుట్టింటికి. అమ్మ వండిపెడుతుంది, నాన్న కనిపెట్టుకుని ఉంటాడు. బిడ్డ కాస్త నిలదొక్కుకున్నాక ఆమె తిరిగి వెళుతుంది. తేలినీలాపురం పక్షులు చేస్తున్నదీ అదే. వాటిని ‘సైబీరియా చుట్టాలు’ అని పిలిచినంతకాలం, వచ్చాయా లేదా అని మాత్రమే చూస్తాం. ‘మన ఆడపిల్లలు’ అని తెలిసినప్పుడు, ఇంటిలో చెట్టు ఉందా, చెరువులో నీరు బాగుందా అని కూడా చూసుకుంటాం.

తిరిగివచ్చాక చేయండి

1. పక్షులు లేచిన వేళలను అడ్డగీత మీద, లేచిన పక్షుల సంఖ్యను నిలువుగీత మీద గుర్తించి గ్రాఫు గీయండి. ఎక్కువ పక్షులు లేచినది ఏ గంటలో?

2. వేడిగాలి పైకి లేస్తుందని తరగతిలో ఎలా చూపిస్తారు? కాగితాన్ని పాము చుట్టలా కత్తిరించి, దారంతో వేలాడదీసి, దీపానికి బాగా ఎత్తున పట్టుకుని చూడండి. పెద్దల సమక్షంలోనే చేయండి.

3. పెలికాన్, పెయింటెడ్ స్టార్క్, ఓపెన్‌బిల్ – మూడింటి ముక్కులు గీసి, ఒక్కొక్కటి ఏ పనికి తగినదో ఒక వాక్యంలో రాయండి.

4. నెమటోడు పురుగు జీవితచక్రాన్ని బాణం గుర్తులతో గీయండి. ఏ చోట తెంచితే ఆ చక్రం ఆగుతుంది?

5. మీ ఊరి చెరువుకు వచ్చే ఒక పక్షిని ఎంచుకోండి. అది అక్కడ గూడు కడుతోందా, మేసి పోతోందా? ఒక ఏడాది గమనించి చెప్పండి.